నోరు కట్టుకోమనే వైద్యం

మన దినపత్రికలు ఆదివారం అనుబంధాల్లో ఆరోగ్యానికని ఒక పేజీ కేటాయిస్తాయి. ఆ పేజీలో ఏడాదికి నాలుగైదుసార్లయినా చక్కెర వ్యాధి గురించి వ్యాసం వస్తుంది. రాసేవాడు మారుతాడుగాని వ్యాసం మారదు. పూర్వం మనవాళ్ళు ఒళ్ళు వంచి పనిచేసేవారు, మితంగా తినేవారు. ఇప్పుడు సుఖం మరిగి, నాలుకకు అదుపు లేక, ఒళ్ళు పెంచి షుగరు తెచ్చుకుంటున్నారు. కనుక నోరు కట్టుకోవాలి, తెల్లవారకముందే లేచి నడవాలి. వ్యాసం పక్కన బొజ్జ మీద చెయ్యి వేసుకుని లడ్డూ తింటున్న మనిషి బొమ్మ కూడా వుంటుంది.

ఈ వ్యాసాల్లో కనిపించే శాస్త్రం అబద్ధం కాదు. ఒంట్లో కొవ్వు పెరగడానికీ రెండో రకం చక్కెర వ్యాధికీ సంబంధం వున్నది, గట్టిగానే వున్నది. అబద్ధమల్లా ఆ శాస్త్రాన్ని అడ్డం పెట్టుకుని చెబుతున్న నీతి. నా తగాదా ఆ నీతితో. మన శిబిరంలోనివాళ్ళు కూడా అదే నీతిని మరో వేషంలో చాలాకాలంగా చెబుతూ వచ్చారు కనుక వాళ్ళతో కూడా.

మా పెద్దమ్మ కూతురు ఒకావిడ కోరుట్ల ప్రాంతంలో వుంటుంది. నాకంటే పెద్దది, అక్కా అంటాను. పన్నెండో ఏట బీడీల చాట ఒళ్ళో పెట్టుకున్నది, ఇప్పటికి నలభై ఏళ్ళు దాటింది. తునికాకు కత్తిరించటం, తంబాకు పోసి చుట్టటం, మూతి మడవటం, దారం కట్టటం, కట్టలు కట్టటం, అంతా కూర్చునే. కూలి వెయ్యికింత అని లెక్క. లేచి అటూయిటూ తిరిగితే వెయ్యి పూర్తికాదు. ఆవిడ ఎత్తు అయిదడుగులు, బరువు 61 కిలోలు. కాలి వేలి మీద పుండు మూడు వారాలకు కూడా మానకపోతే నేనే ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరు రక్తపరీక్ష కాగితం చూశాడు. ఆవిడ ఒంటివంక చూశాడు. “నోరు కట్టుకోవాలమ్మా! తిని కూర్చుంటే ఇట్లాంటి రోగాలు రాక ఇంకేం వస్తాయి?” అన్నాడు.

“కూసుంటెనే గద సారూ తినేది!” అన్నది అక్క.

డాక్టరు నవ్వాడు. ఆవిడ హాస్యమాడిందనుకున్నాడు. మాత్రలు రాసి, కొర్రలూ రాగులూ తినమని, రోజూ ముప్పావుగంట నడవమని చెప్పి పంపించాడు. తీసిపారెయ్యదగ్గ సలహా కాదు. కాని బయటికి వచ్చాక అక్క నన్నడిగింది సలహా గురించి కాదు. “నేనేం తప్పు జేసిన తమ్మీ?” అని అడిగింది. ఆ తర్వాత ఏడు నెలలు ఆవిడ మళ్ళీ డాక్టరు ముఖం చూడలేదు. మాత్రలు అయిపోతే అడగటానికి సిగ్గుపడ్డది. వాడకట్టులో తెలిస్తే ‘బాగ తిన్నదిలే’ అంటారని ఎవరికీ చెప్పలేదు. ఒకపూట మానేసింది. రెండోపూట ఆకలికి తట్టుకోలేక రెండింతలు అన్నం తిన్నది. ఏడు నెలల తర్వాత మరో ఆస్పత్రిలో ఆ వేలు తీసేశారు. ఆ మొదటి డాక్టరు దుర్మార్గుడని నేననను. అతను పత్రికల్లో చదివిందే చెప్పాడు. ఆ పత్రికలను గురించే ఈ వ్యాసం.

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. 1870-71లో ప్రష్యా సైన్యం పారిస్ నగరాన్ని ముట్టడించింది. తిండి దొరక్క జనం గుర్రాలనూ ఎలుకలనూ తిన్నారు. ఆ రోజుల్లోనే బూషార్డా అనే ఫ్రెంచి వైద్యుడు ఒక వింత గమనించాడు: తన రోగులలో కొందరి మూత్రంలో చక్కెర మాయమైంది. అన్నం మనిషిని బతికిస్తుందనీ, కొందరి విషయంలో అన్నం తగ్గటమే మందనీ అప్పుడు తేలింది. 1921లో బోస్టన్ వైద్యుడు ఇలియట్ జోస్లిన్ ఇదే సంగతిని తన రోగుల లెక్కలతో నిరూపించాడు. నిరూపించి వూరుకోక, ఈ వ్యాధి చాలావరకు స్థూలకాయానికి పడే జరిమానా అని కూడా రాశాడు. శాస్త్రం నోట నీతి పలకటం అక్కడ మొదలైందని కాదుగాని, అక్కడ దానికి తెల్లకోటు దొరికింది. జరిమానా అన్నప్పుడు నేరం వుండాలి, నేరస్థుడుండాలి. నూరేళ్ళు దాటినా మనం ఆ మాట నుంచి బయటపడలేదు.

పారిస్ ముట్టడి కంటే పెద్ద సాక్ష్యం క్యూబాలో దొరికింది. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోగానే క్యూబాకు చమురూ ధాన్యమూ రావటం ఆగిపోయింది. బస్సులు నిలిచిపోయాయి. చైనా నుంచి లక్షల సైకిళ్ళు తెప్పించారు. దేశమంతా తక్కువ తిన్నది, ఎక్కువ నడిచింది, సైకిలు తొక్కింది. అయిదేళ్ళలో సగటున మనిషికి అయిదున్నర కిలోల బరువు తగ్గింది. చక్కెర వ్యాధి మరణాలు, గుండెజబ్బు మరణాలు గబగబా పడిపోయాయి. పరిస్థితులు కుదుటపడి పోయిన బరువూ అంతకు మించీ తిరిగివచ్చేసరికి చక్కెర వ్యాధి కూడా తిరిగివచ్చింది. 2013లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో ఈ లెక్కలన్నీ అచ్చయ్యాయి. మన పత్రికలు ఈ సంగతిని ‘చూశారా, తిండి తగ్గిస్తే చాలు’ అని ముచ్చటగా రాశాయి. అదే క్యూబాలో, అదే కరువులో, 1992-93లో విటమిన్లు చాలక 50 వేలమందికి పైగా చూపు మందగించి నరాలు దెబ్బతిన్నాయన్నది మాత్రం రాయలేదు. కరువును మందుగా అమ్మేవాడు సీసా మీద రెండో వైపు చీటీ చించేసి అమ్ముతాడు.

అసలు కొవ్వుకూ చక్కెరకూ మధ్య ఏం జరుగుతున్నది? మనం తిన్నది చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. దాన్ని కణాల్లోకి పంపటానికి క్లోమం ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఖర్చుకాగా మిగిలినదాన్ని శరీరం కొవ్వుగా దాచుకుంటుంది. చర్మం కింద దాచుకునే కొవ్వు గాదెలో పోసిన ధాన్యంలాంటిది, దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. గాదె నిండినా ఇంకా పోస్తుంటే గింజలు పొర్లి ఇంటినిండా పడతాయి. అట్లాగే పొర్లిన కొవ్వు కాలేయంలో చేరుతుంది. కొవ్వు నిండిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు, అక్కర్లేకపోయినా చక్కెర వదులుతూనే వుంటుంది. క్లోమం మరింత ఇన్సులిన్ చేసి సర్దుకు రావాలని చూస్తుంది. కొంతకాలానికి కొవ్వు క్లోమంలోకీ చేరి ఆ పనిని కూడా చెడగొడుతుంది. ఇంగ్లండులో న్యూకాసిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ టేలర్ 2008లో ఈ సిద్ధాంతం చెప్పాడు. 2011లో 11మంది రోగులకు ఎనిమిది వారాలపాటు రోజుకు 600 కేలరీల ఆహారం మాత్రమే ఇచ్చి చూశాడు. వారం తిరగకుండా వాళ్ళ పరగడుపు చక్కెర మామూలు స్థాయికి దిగింది. కాలేయంలో కొవ్వు కూడా తగ్గుముఖం పట్టింది. జీవితాంతం వదలదనుకున్న వ్యాధి కొందరిలోనైనా వెనక్కి తిరుగుతుందని అప్పటినుంచి ధైర్యంగా చెప్పగలుగుతున్నారు.

ఇంతవరకు పేచీ లేదు. అయితే ఎవరి గాదె ఎంత?

పత్రికల నీతివాదులు ఎన్నడూ వెయ్యని ప్రశ్న ఇది. గాదెలు అందరికీ ఒకే కొలతలో లేవు. ఒకడు నూటపాతిక కిలోలున్నా చక్కెర ముట్టదు, ఇంకొకడికి అరవై కిలోలకే ముంచుకొస్తుంది. 2015లో టేలర్, హోల్మన్ అనే ఇద్దరు దీన్నే సూత్రంగా చెప్పారు: ప్రతి మనిషికీ తన సొంత కొవ్వు హద్దు వుంటుంది, అది దాటితేనే జబ్బు. దీనికి ముందే, 2004లో, ఒక వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో వేశారు. ఒకరు పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు లండన్ నుంచి జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగిన బరువు లెక్క ఇద్దరికీ సరిగ్గా 22.3. కాని యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతమైతే యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. తూకం యంత్రం ముందు సమానులే, కత్తికి మాత్రం కాదు! 2021లో ఇంగ్లండులో లక్షలమంది వైద్య రికార్డులు పరిశీలిస్తే, తెల్లవాళ్ళకు ఆ లెక్క 30 అయినప్పుడు వుండే చక్కెర ప్రమాదం దక్షిణాసియా వాళ్ళకు 23.9 దగ్గరే వున్నట్టు తేలింది. అంటే మనవాళ్ళలో లడ్డూ బొమ్మకు ఏమాత్రం పోలిక లేని మనిషికి కూడా జబ్బు వస్తున్నది. అతన్ని చూసి ‘బాగా తిన్నావోయ్’ అనటం మూర్ఖత్వం.

మన గాదె ఎందుకు చిన్నది? ఇందులో పుట్టుకతో వచ్చిన జన్యువుల పాత్ర కొంత వుండవచ్చు. కాని మరొక కారణం వున్నది, దాన్ని చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. యాజ్ఞిక్ బృందం పుణే పరిసర గ్రామాల్లో పుట్టిన బిడ్డలనూ ఇంగ్లండులో సౌతాంప్టన్ లో పుట్టిన బిడ్డలనూ తూచి, కొలిచి పోల్చింది. అక్కడ బిడ్డ సగటు బరువు మూడున్నర కిలోలు, ఇక్కడ 2.7. తక్కువైన ఎనిమిది వందల గ్రాములు ఎక్కడ తక్కువైనాయి? కండలో తక్కువ, పొట్టలోని అవయవాల్లో తక్కువ. కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. తల్లి కడుపులో తిండి చాలని పిండం కండను వదులుకుని మెదడునూ కొవ్వునూ కాపాడుకుంటుంది. చక్కెరను ఖర్చుపెట్టేది కండ. ఆ కండే లేకుండా పుట్టినవాడు పెద్దయి కాస్త ఒళ్ళు చేస్తే చాలు, క్లోమం చేతులెత్తేస్తుంది. 1992లో హేల్స్, బార్కర్ ఈ మాట సిద్ధాంతంగా చెప్పారు. 1944-45 చలికాలంలో నాజీల దిగ్బంధం వల్ల హాలండు పశ్చిమ భాగం ఆకలితో మాడినప్పుడు కడుపులో వున్న బిడ్డలను ఏభయ్యేళ్ళ వయసులో పరీక్షిస్తే, చక్కెరను తట్టుకునే శక్తి వాళ్ళలో తగ్గి వున్నట్టు తేలింది. మా అక్క 1972 కరువు మరుసటేడు పుట్టింది. ఆ ఏడాది మా పెద్దమ్మ ఏం తిన్నదో రాసి పెట్టినవాళ్ళెవరూ లేరు. ‘నేనేం తప్పు జేసిన’ అన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు: నీవు చేసింది కాదక్కా, పుట్టకముందే నీకు జరిగింది.

దీనికి మన గడ్డమీదే రుజువున్నది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు దగ్గర 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన జరిపింది. కొన్ని గ్రామాల్లో గర్భిణులకూ బాలింతలకూ చిన్నపిల్లలకూ రోజూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా చేసి పెట్టారు. మిగిలిన గ్రామాలకు ఆ పథకం ఇంకా రాలేదు. తల్లికి రోజుకు 500 కేలరీలు, బిడ్డకు 300, అంతకంటే ఏమీ లేదు. ఆ బిడ్డలు పదమూడు, పద్దెనిమిదేళ్ళ వయసుకు వచ్చాక మళ్ళీ పరీక్షించి, ఫలితాలు 2008లో ప్రకటించారు. ఉప్మా తిన్న గ్రామాల పిల్లలు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తు ఎక్కువున్నారు. ఇన్సులిన్ కు శరీరం మొండికేసే గుణం వాళ్ళలో 20 శాతం తక్కువ వున్నది. పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. చక్కెర వ్యాధికి దారితీసే దోషం తగ్గింది తిండి తగ్గించినందువల్ల కాదు, తిండి పెట్టినందువల్ల! పెట్టవలసిన సమయంలో పెట్టినందువల్ల. నోరు కట్టుకోమనే వైద్యానికి ఈ ఒక్క ఉప్మా గిన్నె చాలు సమాధానం.

‘పూర్వం మనవాళ్ళు’ అనేవాళ్ళకు ఒక చిన్నమాట. పూర్వం కూడా ఈ జబ్బున్నది. బలిసినవాడికి వచ్చేది ఒకటి, చిక్కి బలహీనుడైనవాడికి వచ్చేది ఇంకొకటి అని చరకుడు రెండు రకాలు చెప్పాడు. ధనం లేని రోగి చెప్పులూ గొడుగూ లేకుండా బిచ్చమెత్తుకు తింటూ నూరు యోజనాలు నడవాలన్నది సుశ్రుతుడి వైద్యం. బావి తవ్వమని కూడా చెప్పాడు. ఇప్పుడు బావి ఎవరు తవ్వుతున్నారు? బోరుబండి తవ్వుతున్నది. కాలువ జె.సి.బి. తవ్వుతున్నది. ఆ యంత్రంలో కూర్చున్నవాడు పన్నెండు గంటలు కదలడు. అతని తాత పార పట్టి మట్టి మోసినవాడే. మట్టిమోత పోయినందుకు ఏడ్చేవాణ్ణి కాను, అది పోవలసిందే. కాని మోతపోయినచోట విశ్రాంతి రాలేదు, కూర్చుని చేసే చాకిరీ వచ్చింది. పాత చాకిరీ నడుము విరిచింది, కొత్తది నడుముచుట్టూ కొవ్వు పేరుస్తున్నది.

లావును సుఖానికి గుర్తుగా మనకు నేర్పిందెవరు? పత్రికలకంటే ముందు మన భాషే నేర్పింది. ‘కాస్త ఒళ్ళు చేశావే’ అంటే అత్తవారింట్లో సుఖంగా వున్నావని అర్థం. అదే మనిషి ఎదురుచెబితే ‘ఒళ్ళు కొవ్వెక్కింది’ అంటాం, ‘బలిసింది’ అంటాం, ‘తిన్నదరక్క’ అంటాం. పొగరుకు తెలుగులో మరోపేరు బలుపు. భూస్వామి కూలివాణ్ణి తిట్టినప్పుడు ‘కొవ్వెక్కిందిరా నీకు’ అనే తిట్టాడు, వాడి డొక్కలో ఎముకలు లెక్కపెట్టగలిగిన రోజుల్లో కూడా. కొవ్వుమీద హక్కు యజమానిదే. కూలివాడి ఒంటిమీద అది కనిపిస్తే తప్పు చేసినట్టే. నేటి ఆరోగ్య వ్యాసం ఈ పాత తిట్టుకు చదువుకున్న రూపం.

మన సంగతి? అభ్యుదయ సాహిత్యం పెట్టుబడిదారుణ్ణి ఎట్లా గీసింది? బానపొట్ట, నోట్లో చుట్ట, వేలికి ఉంగరాలు. కార్మికుణ్ణి ఎట్లా గీసింది? ఎముకల గూడు. 1943 బెంగాల్ కరువు కళ్ళముందున్న తరానికి ఆ బొమ్మ అబద్ధం కాదు, ఆ తరాన్ని నేను తప్పుపట్టను. కాని బొమ్మ గీసి డెబ్భై, ఎనభై ఏళ్ళయింది. ఇప్పటికీ మన పత్రికల అట్టల మీద అదే బొమ్మ వేస్తుంటే అది సంప్రదాయమవుతుంది, వాస్తవికత కాదు. ఈనాడు పెట్టుబడిదారుకు పొట్ట లేదు. అతనికి వంటవాడున్నాడు, వ్యాయామం నేర్పేవాడున్నాడు, నడవటానికి తోట వున్నది. అతని ఆఫీసు ముందు పన్నెండు గంటలు కుర్చీలో కూర్చునే కాపలాదారుకున్నది పొట్ట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో అధిక బరువున్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్ లో నూటికి 36మంది, తెలంగాణలో 30మంది. వీళ్ళంతా షావుకార్ల భార్యలా? 2017లో ప్రకటించిన 15 రాష్ట్రాల సర్వేలో, దేశం మొత్తంమీద కలిగినవాళ్ళలోనే చక్కెర వ్యాధి ఎక్కువ కనిపించింది గాని, చండీగఢ్, మహారాష్ట్ర, తమిళనాడు పట్టణాల్లో మాత్రం పేదల్లోనే ఎక్కువ కనిపించింది. జబ్బు వర్గం మారుతున్నది. మన కథల్లో పేదవాడు ఇంకా చిక్కి శల్యమైతేనే పేదవాడు. లావుగా వున్న పేదరాలు మన కథలోకి వస్తే హాస్యపాత్రగా వస్తుంది, లేకపోతే రానేరాదు. మా అక్కలాంటి మనిషి కథ ఒక్కటి వుంటే నాకు చూపించండి.

ఇక తిండి సంగతి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు తెలుగు పల్లెల్లో ఎన్ని ఇళ్ళల్లో రెండుపూటలా పొయ్యి వెలిగిందో తెలిసినవాడెవడూ ఆ పథకాన్ని నిందించడు. 2023 నుంచి ఆహార భద్రతా చట్టం కింద ఆ బియ్యం ఉచితం. మంచిదే. కాని బియ్యం ఒక్కటే చౌకై, పప్పు ప్రియమై, కూర మరీ ప్రియమై, జొన్న చేలు అంతకంతకూ తగ్గిపోతే పేదవాడి కంచంలో ఏం మిగులుతుంది? తవుడంతా పోగొట్టుకున్న తెల్లటి అన్నం, దానిమీద తొక్కు, పలచటి చారు. మన దేశంలో మనిషి తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాలనుంచే వస్తున్నాయని 2025లో భారత వైద్య పరిశోధన మండలి సర్వే చెప్పింది. అక్క డాక్టరు చెప్పిన కొర్రల కోసం కోమటి దుకాణానికి వెళ్ళి, ధర అడిగి తిరిగివచ్చింది. ఒకనాడు బీదవాడి గింజ, ఇవాళ పట్నంలో గాజుసీసాల్లో అమ్ముతున్నారు. దీన్ని నోటి అదుపు అంటారా?

అదే పరిశోధన మండలి 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో చక్కెర రోగులు 10 కోట్ల 10 లక్షలు. అంచుమీద వున్నవాళ్ళు మరో 13 కోట్ల 60 లక్షలు. ఇన్ని కోట్లమందికి ఒక్క తరంలో ఒక్కసారిగా గుణం చెడిపోయిందనటం కంటే, వాళ్ళు బతికే తీరు మారిందనటం తేలిక కాదా? ఒక మనిషి తప్పటడుగు వేస్తే అతని కాలు చూడాలి. వూరంతా ఒకేచోట జారిపడితే దారి చూడాలి.

ఇక్కడ మన మిత్రులు కొందరు ఉత్సాహం పట్టలేక రెండో గట్టుమీదికి దూకుతారు. లావుకూ షుగరుకూ సంబంధమే లేదు, ఇదంతా మందుల కంపెనీల కట్టుకథ, సమాజం మారేదాకా చేసేదేమీ లేదు అంటారు. ఇది కూడా నీతే, కాకపోతే సోమరి నీతి. కొవ్వు తగ్గితే జబ్బు తగ్గుతుందన్న నిజాన్ని పేదవాడి దగ్గర దాచిపెట్టే హక్కు మనకెవరిచ్చారు? అమెరికాలో 2002లో ఫలితాలు ప్రకటించిన పరిశీలనలో, వ్యాధి అంచున వున్నవాళ్ళు తమ బరువులో 7 శాతం తగ్గించుకుని వారానికి రెండున్నర గంటలు నడవటం లక్ష్యంగా పెట్టుకుంటే వ్యాధి వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మెట్ఫార్మిన్ మాత్రతో 31 శాతమే తగ్గింది. 2006లో మద్రాసు డాక్టరు రామచంద్రన్ బృందం భారతీయుల మీద చేసిన పరిశీలనలో బరువు చెప్పుకోదగ్గంత తగ్గకపోయినా, తిండి మార్పూ నడకా కలిసి ప్రమాదాన్ని 28.5 శాతం తగ్గించాయి. తూకం యంత్రంలో ముల్లు కదలకపోయినా కాళ్ళు కదిలినందుకు ఫలితం వున్నదన్నమాట. ఇది మా అక్కకు తెలియాలా, వద్దా?

తెలియాలి. కాని ఆ పరిశీలనల్లో ఏం చేశారో కూడా పూర్తిగా తెలియాలి. అమెరికాలో ప్రతి మనిషికీ ఒక శిక్షకుణ్ణి పెట్టి, మొదటి ఆరునెలల్లో 16 పాఠాలు విడిగా కూర్చోబెట్టి చెప్పారు. స్కాట్లండులోనూ ఇంగ్లండు ఈశాన్యంలోనూ 306మంది రోగులతో జరిపిన పరిశీలనలో సగంమందికి మూడు నుంచి అయిదు నెలలు ఆహారం బదులు కొలిచిన పొడులు ఉచితంగా ఇచ్చారు, ఆ తర్వాత మామూలు తిండికి మెల్లగా అలవాటు చేశారు, నర్సులో పోషకాహార నిపుణులో కనిపెట్టి వున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ సగంమందిలో నూటికి 46మందికి మందుల్లేకుండా జబ్బు వెనక్కి తగ్గింది, మామూలు వైద్యం జరిగిన మిగతా సగంలో నలుగురికే తగ్గింది. పదిహేను కిలోలకు మించి తగ్గినవాళ్ళలో అయితే నూటికి 86మందికి. రెండో ఏడాదికి 46 కాస్తా 36 అయింది, బరువు తిరిగివచ్చినవాళ్ళకు జబ్బూ తిరిగివచ్చింది. ఇందులో ఎక్కడైనా ‘నోరు కట్టుకో’ అని చెప్పి పంపించటం వున్నదా? వాళ్ళు ఏర్పాటు చేశారు. మనవాళ్ళు ఉపదేశం చేస్తున్నారు. ఏర్పాటుకు డబ్బు కావాలి, మనుషులు కావాలి. ఉపదేశం ఉచితం.

డబ్బున్నవాళ్ళకు ఇప్పుడు ఉపదేశం కూడా అక్కర్లేదు. 2025 మార్చిలో మౌంజారో అనే ఇంజెక్షను మన దేశంలోకి వచ్చింది. వారానికొకటి పొడుచుకోవాలి, ఆకలి తగ్గుతుంది, బరువూ చక్కెరా దిగుతాయి. పనిచేస్తుంది, అందులో అబద్ధం లేదు. విడుదలైనప్పుడు చిన్న మోతాదు సీసా ధర 3,500 రూపాయలు, దానిపై మోతాదుది 4,375. అంటే నెలకు పద్నాలుగు వేలకు తక్కువ కాదు. 1923లో ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళు పేటెంటును టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక డాలరుకు రాసి ఇచ్చేశారని గుర్తు చేసుకుంటే చాలు, వేరే వ్యాఖ్య అనవసరం. నాకు వింతగా తోచింది మరొకటి. ఈ మందు వచ్చినప్పటినుంచి అవే ఆరోగ్య పేజీలు స్థూలకాయం ఒక జబ్బు, అందులో రోగి తప్పులేదు అని రాయటం మొదలుపెట్టాయి. పేగుల్లో పుట్టే రెండు హార్మోన్లను పోలిన మందు వేస్తే ఆకలి తగ్గుతున్నదంటే, అంతవరకు ఆ ఆకలి ఆ మనిషి గుణదోషం కాదన్నమాటే కదా! ఈ సంగతి కొనగలిగినవాడి విషయంలోనే పత్రికలకు బోధపడింది. కొనలేనివాడికి ఇంకా పాత వ్యాసమే నడుస్తున్నది.

నెలరోజుల కిందట అక్కను చూడటానికి వెళ్ళాను. తొమ్మిది వేళ్ళతో మెల్లగా నడుస్తున్నది. ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నది, వూళ్ళోని ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు నెలకోసారి చక్కెర చూస్తున్నదట. “ఆ పిల్ల మంచిది, తిట్టది” అన్నది. కోడలికి ఏడో నెల. తెలంగాణలో 2015 నుంచి గర్భిణులకు అంగన్ వాడీలో రోజూ ఒకపూట భోజనం పెడుతున్నారు. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు. హైదరాబాదు పక్కన ఉప్మా గిన్నె చేసిన పనే ఇదీ చెయ్యగలదు. అయితే అక్కడికి వెళ్ళి కూర్చుని తినాలి, ఇంటికి పంపరు. వాళ్ళ ఇంటినుంచి అంగన్ వాడీ వూరి అవతలి చివర. పోయి, తిని, వచ్చేసరికి గంటన్నర. ఆ గంటన్నరలో నూటయాభై బీడీలు తగ్గుతాయి, నెలాఖరుకు ఆ లెక్క పాసుబుక్కులో కనిపిస్తుంది. వారానికి రెండు రోజులు పోతున్నదట. నేను వెళ్ళిన రోజు పోలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు అత్తా కోడలూ ఎదురెదురుగా చాటలు పెట్టుకుని కూర్చున్నారు.